ఏడు వందల గుడ్డ ముక్కలు

చదవడానికి కాకుండా తడిమి చూడటానికి తయారైన ఒక పుస్తకం గురించి రాస్తున్నాను. నేను దాన్ని తడమలేదు, కంప్యూటర్ తెర మీద చూశానంతే. ఈ సమీక్షలో మొదటి లోపం అదే, ముందే ఒప్పుకుంటున్నాను.

పుస్తకం పేరు ‘ది టెక్స్‌టైల్ మాన్యుఫాక్చర్స్ ఆఫ్ ఇండియా’. లండన్, 1866. మొత్తం 18 సంపుటాలు. తెరిస్తే పేరాలూ అధ్యాయాలూ ఉండవు, అతికించిన గుడ్డ ముక్కలుంటాయి. ముక్క పక్కన దాని నంబరు, ఏ రకం గుడ్డ, పొడవు, వెడల్పు, బరువు, ధర, ఏ ఊరి సరుకు అనే వివరాలు. అలాంటివి 700. ఇలా 20 సెట్లు చేసి 13 బ్రిటన్‌లో, 7 ఇండియాలో పెట్టారు. అంటే మన చీరలూ పంచెలూ తలపాగాలూ కత్తిరించి 14,000 ముక్కలు చేశారన్నమాట. వీటికి తోడు విడిగా ఒక వచన సంపుటం ఉంది. మనవాళ్లు ఏ బట్ట ఎలా కట్టుకుంటారో అందులో బొమ్మలతో సహా వివరించారు. ఇదంతా చేయించింది జాన్ ఫోర్బ్స్ వాట్సన్ అనే స్కాట్లండ్ డాక్టరు. బొంబాయి సైన్యంలో వైద్యుడిగా చేసి, తర్వాత లండన్ ఇండియా ఆఫీసులో మన దేశపు సరుకుల మీద రిపోర్టులు తయారుచేసే ఉద్యోగంలో కుదురుకున్నాడు.

ఉద్దేశం ఏమిటో ఆయన దాచలేదు. ఇండియాలో ఇరవై కోట్ల మంది ఉన్నారు, అందరూ ఏదో ఒకటి కట్టుకోవాలి, వాళ్లకి ఏది నచ్చుతుందో తెలిస్తే మన మిల్లులు అదే నేసి అమ్మొచ్చు. లాంకషైర్ మిల్లు యజమాని ఓడెక్కి రాకుండానే, పక్క ఊరి మ్యూజియంలో సంపుటం తెరిచి మద్రాసు పంచె ఎలా ఉంటుందో చూసుకోవచ్చు. ఇక్కడి ఏజెంటు నంబరు రాసి పంపితే అక్కడివాడు అదే నంబరు ముక్క చూసి సరుకు తయారుచేయొచ్చు.

నాకు ఈ పుస్తకం ఎదురైంది ఆఫీసు పనిలో. బెంగళూరులో, బట్టలమ్మే ఒక ఆన్‌లైన్ కంపెనీలో కేటలాగ్ టీంలో పనిచేస్తాను. చీరని ఎన్ని కాలమ్స్‌లో వర్ణించాలి అన్నది మాకు రెండేళ్లుగా తెగని పంచాయితీ. రంగు, గుడ్డ, సందర్భం, ‘బార్డర్: ఉంది/లేదు’. పాతకాలంలో ఎవరైనా ఈ పని సరిగ్గా చేశారేమో అని వెతుకుతుంటే ప్రెస్టన్ ఊరి హారిస్ మ్యూజియం దగ్గరున్న సెట్టు డిజిటల్ రూపంలో కనిపించింది. ఆ రాత్రి రెండింటి దాకా నిద్రపోలేదు. మేం చేస్తున్న పని నూట యాభై ఏళ్ల కిందటే ఒకాయన కత్తెర, జిగురు పెట్టుకుని చేసేశాడు. మాకంటే బాగా చేశాడు.

ఎందుకు బాగా చేశాడంటున్నానో చెప్పాలి. మామూలుగా ఇలాంటి జాబితా పత్తి, పట్టు, ఉన్ని అని మొదలవుతుంది. ఫోర్బ్స్ వాట్సన్ మొదటి గీత వేరే చోట గీశాడు. మగ్గం మీద నుంచి దిగీ దిగగానే కట్టుకోవడానికి తయారుగా ఉండే బట్టలు ఒకవైపు: తలపాగా, లుంగీ, పంచె, చీర. కత్తిరించి కుట్టుకోవాల్సిన తానులు ఇంకోవైపు. ఈ ఒక్క విభజనతో అతనికి మన బట్ట గురించి అసలు విషయం అర్థమైందని తెలుస్తుంది. తానుకి కొస ఉండదు, కావలసినంత కోసుకుంటారు. చీరకి మొదలూ చివరా ఉంటాయి. అంచు నేల వైపు ఎంత బరువుండాలి, కొంగు ఎక్కడ మొదలవ్వాలి, కుచ్చిళ్లలోకి పోయే భాగంలో పని ఎంత తగ్గించొచ్చు, ఇవన్నీ కట్టుకున్న మనిషిని చూస్తేనే తెలిసేవి. బ్రిటిష్ వర్తకులు వెడల్పులు తప్పుగా నేసి, అంచుల పొంతన చూసుకోకుండా సరుకు పంపిస్తే ఇక్కడ ఎవరు కొంటారని ఆయన సొంతవాళ్లనే మందలిస్తాడు. మా కంపెనీలో ‘యూజర్ రీసెర్చ్’ పేరుతో జరిగే చాలా మీటింగుల కంటే ఆ పేజీలు నయం.

పోతే, ఆ వచనం చదివి సంపుటాలకి తిరిగి వస్తే గుండె కలుక్కుమంటుంది. ఒంటిని చూడండి, మొదలూ చివరా చూడండి అని చెప్పిన మనిషే చీరని ముక్కలు చేశాడు. ఎంత జాగ్రత్తగా కోసినా ముక్కలో అంచు కొంత, ఒళ్లు కొంత కనిపిస్తాయి. ఆ అంచు గజాల కొద్దీ నడిచి నడిచి కొంగు దగ్గర ఎలా తిరుగుతుందో కనిపించదు. పుస్తకానికి ఉన్న అసలైన వైరుధ్యం ఇదే అని నా అభిప్రాయం. వచన సంపుటం బట్టని నడకలో చూస్తుంది, నమూనా సంపుటాలు దాన్ని చదరంగా చూస్తాయి. మిల్లుకి కావలసింది రెండోదే. ఆవిరి మగ్గానికి పొడవెంత, వెడల్పెంత, బరువెంత, ధరెంత అన్నవి చాలు. అవి నాలుగూ లేబుల్ మీద ఉన్నాయి. నేసినవాళ్ల పేరుకి మాత్రం ఆ లేబుల్ మీద చోటు పెట్టలేదు.

ఇందులో ఆయన తప్పెంత, ఆయన కాలం తప్పెంత? అప్పటి ఇంగ్లండ్‌లో అభిరుచి అన్నది పెద్ద తగాదా. 1851 క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శనలో యంత్రాలతో తయారైన సరుకు గుట్టలుగా పోసి చూసుకుంటే, చాలా భాగం వికారంగా ఉందని అక్కడి పెద్దలకే అనిపించింది. యంత్రం ఏ అలంకారాన్నైనా చవగ్గా చేసిపెడుతుంది కాబట్టి ప్రతి వస్తువు మీదా అన్నీ ఎక్కించేశారు. ఇండియా విభాగానికి వచ్చి మన బట్టలు చూసి నోరెళ్లబెట్టారు. నేపథ్యం నేపథ్యంలాగే చదునుగా ఉంది, పువ్వు నిజం పువ్వులా నటించడం లేదు, రంగులు కొట్టుకోవడం లేదు. ఓవెన్ జోన్స్ 1856లో తెచ్చిన ‘గ్రామర్ ఆఫ్ ఆర్నమెంట్’లో మన నమూనాలకి పెద్ద పీటే వేశాడు. హెన్రీ కోల్ బృందం 1852లో మ్యూజియం పెట్టి, అందులో చెడ్డ అభిరుచికి ఉదాహరణలుగా ఒక గదే కేటాయించింది. జనం దానికి భయానక వస్తువుల గది అని పేరు పెట్టి నవ్వుకున్నారు. డికెన్స్ ‘హార్డ్ టైమ్స్’ (1854) మొదట్లో, తివాచీ మీద పూల బొమ్మలు ఉండొచ్చా అని బళ్లో పిల్లల్ని దబాయించే ప్రభుత్వాధికారి ఉంటాడు కదా, అది ఈ కోల్ బృందం మీద వేసిన చురకే. పూలంటే ఇష్టం కాబట్టి ఉండొచ్చు అన్న సిస్సీ జూప్‌కి అక్కడ చీవాట్లు పడతాయి. ఆ నవల రాయడానికి ముందు డికెన్స్ మిల్లు కార్మికుల సమ్మె చూడటానికి వెళ్లిన ఊరు ప్రెస్టన్. ఇప్పుడు మన ముక్కలున్న ఊరు కూడా అదే. కాకతాళీయమే, కానీ నాకు నచ్చింది.

ఇంతకీ ఇంగ్లండు మన గుడ్డ నుంచి ఒకేసారి రెండు పాఠాలు నేర్చుకుంది. మ్యూజియం వాళ్లు, చూడండి ఇది సదభిరుచి అన్నారు. మిల్లు వాళ్లు, చూడండి ఇది గిరాకీ అన్నారు. మనం సాధారణంగా మొదటి పాఠం గుర్తుంచుకుని గర్వపడతాం, రెండోది గుర్తుంచుకుని తిట్టుకుంటాం. రెండింటికీ ఒకే ముక్క పనికొచ్చిందన్న సంగతి దాటేస్తాం.

కాపీ చేయడం ఫోర్బ్స్ వాట్సన్‌తో మొదలవలేదు. నరసాపురం పక్కన గోదావరి ఒడ్డున మాధవాయిపాలెం ఉంది. ఈస్టిండియా కంపెనీ అక్కడ కొన్న మెత్తటి నూలు గుడ్డకి ఇంగ్లీషువాళ్లు ‘మదపోలం’ అని ఊరి పేరే పెట్టారు. తర్వాత అదే పేరుతో లాంకషైర్‌లో నేశారు. ఊరి పేరు కాస్తా ఒక స్పెసిఫికేషన్ అయిపోయింది. లాంక్లాతు కథ కూడా ఇంతే. కోరమాండల్ తీరంలో పొడుగాటి తానులుగా నేయించుకున్నారు కాబట్టి లాంగ్ క్లాత్ అన్నారు. మిల్లులొచ్చాక అక్కడ నేసి ఇక్కడ అమ్మారు. మా అమ్మ లంగాలకి ఇప్పటికీ ‘లాంక్లాతు’ అడిగి తెచ్చుకుంటుంది. ఇంగ్లీషు పేరు పెట్టుకుని తిరిగొచ్చిన మన గుడ్డని మనం కొత్త సరుకనుకుని పలకరించాం.

సరుకు తిరిగొచ్చే దారి కూడా ఆ రోజుల్లోనే పడింది. జోలార్‌పేట నుంచి బెంగళూరుకి 1864లో రైలు మొదలైంది. ఆ దారిలోనిదే కుప్పం. మద్రాసు రేవులో దిగిన బేళ్లు ఆ పట్టాల మీదే పైకి పోగలిగాయి. ఈ రోజు అదే లైను మీద కుప్పం నుంచి పొద్దున్నే బెంగళూరుకి పనికి పోయేవాళ్లతో రైళ్లు కిక్కిరిసి ఉంటాయి. మా గోదాములో డబ్బాలు సర్దే కుర్రాళ్లలో ఇద్దరిది కుప్పం దగ్గరి పల్లెలే. తెలుగు, తమిళం, కన్నడం మూడూ మాట్లాడతారు. చీర ఫోటో చూసి ఇది ఏ వైపు వాళ్లు కొంటారో మా అల్గారిథం కంటే ముందు చెప్పేస్తారు.

ఇక రంగుల సంగతి. మదనపల్లె 1911 దాకా కడప జిల్లాలో ఉండేది. ఆ జిల్లా నీలిమందుకి పేరు. లండన్ బజారులో ‘కుర్పా’ అని ఒక నీలిమందు రకం ఉండేది, అది కడప పేరే నలిగి అలా అయింది. 1897లో జర్మనీ కంపెనీ కృత్రిమ నీలి అమ్మడం మొదలుపెట్టాక ఆ పంట నిలవలేదు. ఎరుపు అంతకంటే ముందే మారింది. బందరు అద్దకంలో ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. 1869లో అలిజరిన్ ఫ్యాక్టరీలో తయారవడంతో ఆ వేరు తవ్వేవాళ్ల పని పోయింది. ఈ కథ చాలామంది చెప్పారు, నేను పొడిగించను. ఒక్క సందేహం మాత్రం ఉంది. మనం ‘సంప్రదాయమైన ఎరుపు’ అని ఈ రోజు కళ్లు మూసుకుని ఊహించుకునే ఎరుపు ఏ కాలానిది? నా మటుకు నాకు కనిపించేది అలిజరిన్ ఎరుపే.

ఇక్కడి దాకా రాసి, ఇదేదో మనల్ని దోచుకున్న కథగా ముగించేద్దామనుకున్నాను. పుంగనూరులో మా అవ్వ ఇల్లు అడ్డొచ్చింది.

అవ్వ అంటే అమ్మ వాళ్లమ్మ. ఆమె దేవుడి గూట్లో ఒక చిన్న లక్ష్మీదేవి పటం ఉంది, అరచెయ్యంత. ఎరుపూ బంగారమూ ఇంకా వెలగలేదు. చిన్నప్పుడు దాన్ని అందరం ‘సీమ లచ్చిమి’ అనేవాళ్లం. (రాయలసీమలో పుట్టినవాడికి ‘సీమ’ అంటే పరదేశం అని తెలియడానికి కొంత కాలం పడుతుంది. సీమ చింత, సీమ నూలు, సీమ పెంకులు.) పోయినేడు ఫ్రేము పగిలితే బాగు చేయించడానికి విప్పాను. పటం అడుగున, ఫ్రేము చెక్క కిందికి పోయిన చోట, సన్నటి ఇంగ్లీషు అక్షరాలు. మాంచెస్టర్.

అది క్యాలెండరు బొమ్మ కాదు. నూలు కట్ట మీద అంటించి వచ్చిన లేబులు. మాంచెస్టర్ ఎగుమతిదారులు ఇండియాకి పంపే తానులకీ నూలు కట్టలకీ రంగురంగుల కాగితపు చీటీలు అంటించేవాళ్లు. కృష్ణుడు, లక్ష్మి, ఏనుగు, మహారాజు. చదువురాని కొనుగోలుదారు కూడా ‘లచ్చిమి మార్కు ఇవ్వు’ అని అడగ్గలగాలి, అదీ ఆలోచన. చాలామంది వాటిని జాగ్రత్తగా ఊడదీసి దాచుకునేవాళ్లు. ముంబయిలో రవివర్మ 1894లో ప్రెస్సు పెట్టి దేవుళ్లని ఇంటింటికీ చేర్చాడని చెప్పుకుంటాం. ఈ మార్కు చీటీల దేవుళ్లు కూడా ఆ పనే చేశారు, పైగా ఉచితంగా.

అవ్వ మామగారు మగ్గం నేసేవాడు. ఆయన కొన్న నూలు మీద వచ్చింది ఈ లక్ష్మి. మనం చెప్పుకునే కథలో మాంచెస్టర్ ఒకవైపు, మన నేతగాడు ఒకవైపు నిలబడి ఉంటారు. నిజానికి చేత్తో వడికే నూలు దెబ్బతింది, వడికిన ఆడవాళ్ల రాబడి పోయింది. నేసేవాళ్లలో చాలామంది మాత్రం చవకైన మిల్లు నూలు కొనుక్కుని, మిల్లు చేయలేని అంచూ కొంగూ నేస్తూ నిలబడ్డారు. ఫోర్బ్స్ వాట్సన్ కూడా ఈ మాట దగ్గరికి వచ్చాడు. జరీ పని, సన్నటి అలంకారం ఉన్న వాటిలో ఇండియా చేతిపనితో పోటీ పడటం దండగ, మామూలు జనం కట్టే సాదా గుడ్డలోనే లాభం అని ఆయన లెక్క. ముత్తాత ఆయన పుస్తకం చూడలేదు, కానీ అదే లెక్క ఈ వైపు నుంచి వేసుకున్నాడు.

పటం సంగతి అవ్వకి చెప్పాను. ఇది దేవుడి పటం కాదు, మాంచెస్టర్ వాళ్లు సరుకు అమ్ముకోవడానికి వేసిన చీటీ అని. అవ్వ పెద్దగా కంగారు పడలేదు.

“యాడ అచ్చేస్తే ఏమిరా? ఆయమ్మ లచ్చిందేవే కదా. అరవై ఏండ్లుగా దీపం పెడతాండా.”

ఈ జవాబుని ఏ కాలమ్‌లో వేయాలో నాకు తెలియలేదు. అభిరుచిని పైనుంచి రుద్దారు అనే సిద్ధాంతం అవ్వ ముందు నిలబడదు. జనం స్వేచ్ఛగా ఎంచుకున్నారు అనేదీ నిలబడదు, వాళ్ల ముందు పెట్టిన వాటిలోంచే కదా ఎంచుకున్నది. 1866 సంపుటాలు చూసినప్పుడు నాకు కలిగే అసంతృప్తి కూడా ఇదే. ఒక బట్ట ఎవరికైనా నచ్చిందని అవి రికార్డు చేస్తాయి. నచ్చిన తర్వాత దానితో ఆ మనిషి ఏం చేసిందో వాటికి పట్టదు.

మదనపల్లె అనగానే బయటివాళ్లకి రెండు ‘ట’లు గుర్తొస్తాయి, టాగోరు, టమాటా. నీరుగట్టువారిపల్లె ఎవరికీ గుర్తు రాదు. ఊళ్లో పట్టుచీరలు నేసే వీధులన్నీ అక్కడే. మా పెదనాయన ఇల్లూ అక్కడే. ఇప్పుడు జాకార్డు అట్టలు కంప్యూటర్ మీద గీసిన డిజైన్ నుంచి కొట్టించుకుని వస్తారు. జాకార్డు అట్టల నుంచే కంప్యూటర్ పుట్టిందని మా ఇంజనీర్లు ప్రతి ప్రెజెంటేషన్‌లోనూ చెప్పుకునే కథ ఒకటుంది. పెదనాయనకి చెబితే, “అట్లయితే మీరు మాకు బాకీ పడినట్టే” అన్నాడు.

సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆయన మగ్గం మీద ఒక చీర ఉంది. వంకాయ రంగు ఒళ్లు, ఆకుపచ్చ అంచు, అంచులో మామిడి పిందెలు, పిందెకీ పిందెకీ మధ్య చిన్న దీపం. దీపం దగ్గర జరీ ఒక్క పోగు తగ్గించాడు, అందుకే అది వెలుగుతున్నట్టు కాకుండా అప్పుడే ఆర్పినట్టుంది. ఆఫీసులో అంచుల గురించి చెప్పడానికి పనికొస్తుందని ఫోను తీశాను.

“వద్దురా” అన్నాడు.

రెండేళ్ల కిందట ఒక కొట్టాయన చూపించడానికని ఆయన చీర ఫోటో అడిగి తీసుకున్నాడు. నెల తిరక్కముందే అదే అంచు మరమగ్గం గుడ్డ మీద వచ్చింది. ఇంకో నెలకి గుడ్డ మీద అచ్చుగా దిగింది, ఐదు వందల రూపాయలకి. అంచు ఉన్న చీరలు చేమగ్గానికే వదలాలని 1985లో చట్టం వచ్చింది. అది కాగితం మీద భద్రంగా ఉంది.

“నా ఫోన్లోనే కదా పెదనాయనా, ఎవరికీ పంపను” అన్నాను.

“నువ్వూ నేనూ ఒగటే ఇంటోళ్లం. నీ ఫోను మన ఇంటిది కాదు కదరా.”

కోపంగా అనలేదు. నాడె పట్టుకుని మళ్లీ పనిలో పడ్డాడు. నేను మగ్గం పక్కన కూర్చుని, నా ఉద్యోగం ఏమిటో మొదటిసారి మూడో మనిషిలా చూసుకున్నాను. కేటలాగ్‌లోకి వచ్చే ప్రతి ఫోటోని మా ప్రోగ్రాం ముక్కలు చేస్తుంది. అంచు వేరు, ఒళ్లు వేరు, బుటా వేరు. ఏ ముక్క మీద ఎక్కువమంది ఆగారో లెక్క కట్టి, ఆ లెక్కని సరుకు తయారుచేసేవాళ్లకి అమ్ముతాం. ఇందులో నేరమేమీ లేదు, ఫోర్బ్స్ వాట్సన్ చేసిందాంట్లోనూ నేరం లేదు. ఆయనకి మన బట్ట మీద నిజమైన ప్రేమ ఉందని ఆ వచన సంపుటం చదివితే తెలుస్తుంది. నాకూ ఉంది. కత్తెర పట్టుకున్నప్పుడు ఆ ప్రేమ ఆయన చేతిని ఆపలేదు.

సెలవు అయిపోయి వెనక్కి వచ్చాక రెండు కొత్త కాలమ్స్ కోసం టికెట్ పెట్టాను. ఒకటి కొంగు పొడవు. రెండోది నేసినవారి పేరు. మొదటిది వెంటనే ఒప్పుకున్నారు, కొనేవాళ్లు కొంగు గురించి చాలా అడుగుతున్నారట. రెండోదాని కింద మా మేనేజరు ఒక ప్రశ్న రాశాడు: పేరు పెట్టి ఎవరు వెతుకుతారు? జవాబు దొరక్క పెదనాయనకి ఫోన్ చేశాను. మన కంపెనీలో పేరు వేస్తే ఒప్పుకుంటావా అని అడిగాను.

“పేరేస్తే కూలి ఎంత పెరుగుతాది?” అన్నాడు.

కనుక్కుని చెబుతానన్నాను. టికెట్ ఇంకా తెరిచే ఉంది.